అరవై రెండు కిలోల సాక్ష్యం

మొన్నామధ్య మా ఇంటికి ఒక పార్సిలు వచ్చింది. విప్పితే లోపల నల్లటి అద్దం పలక, దానికి నాలుగు పొట్టి కాళ్లు. మా చెల్లెలి కూతురు హారిక ఫోనులో చూసి తెప్పించుకున్న బరువు మిషను అది. హారిక ఇక్కడే నరసరావుపేటలో ఇంజనీరింగు చదువుతూ మా ఇంట్లో ఉంటోంది. పొద్దున్నే పళ్లు తోముకోగానే ఆ పలక మీద నిలబడుతుంది. ఎర్రటి అంకెలు వెలుగుతాయి. వాటిని నేను చూడనక్కర్లేదు, ఆ పిల్ల మొహం చూస్తే చాలు. అంకె నిన్నటికంటే తగ్గితే వచ్చి రెండిడ్లీలు తింటుంది. పెరిగితే "ఆకలిగా లేదు పెద్దమ్మా" అని మంచినీళ్ల సీసా బ్యాగులో పెట్టుకుని బస్సెక్కుతుంది. సాయంత్రం జిమ్ము, రాత్రికి కీరదోస ముక్కలు. పోయిన వారం కాలేజీలో మెట్లెక్కుతూ కళ్లు తిరిగి కూలబడిందని దాని స్నేహితురాలు ఫోను చేసింది. ఇంటికి తీసుకొచ్చి గ్లాసుడు మజ్జిగ చేతికిస్తే, తాగాలా వద్దా అన్నట్టు ఆ పలక వైపు చూసింది.

నేను తిట్టలేదు. తిట్టడానికి ఫోనులో వాళ్లమ్మ ఉంది. పైగా ఆ చూపు నాకు కొత్తది కాదు. పదిమందిలో కాటాకెక్కి, ముల్లు ఎక్కడ ఆగుతుందా అని ఊపిరి బిగబట్టడం నాకు చిన్నప్పుడే తెలుసు. కాకపోతే ఆ రోజుల్లో నేను ఎక్కింది నన్ను తూచుకోవడానికి కాదు, కాటానే తూచడానికి.

మాది గురజాలకు బస్సులో అరగంట దూరంలో ఉన్న పల్లె. నల్లరేగడి నేల, మిరప, పత్తి. శివరాత్రి దాటిందంటే ఊరి చుట్టూ కళ్లాలు ఎర్రబడేవి. కోసిన మిరపకాయలు పరిచి ఎండబెట్టే చోటు కళ్లం. ఆ రోజుల్లో మా ఇంట్లో ఏది వాసన చూసినా మిరప ఘాటే. దుప్పట్లలో, తలకు రాసుకునే నూనెలో, ఆఖరికి కాచిన పాలలో కూడా. బయటి ఊరి చుట్టాలు వస్తే గుమ్మంలోనే దగ్గు అందుకునేవాళ్లు. మాకు దగ్గు వచ్చేది కాదు. మా నాయనమ్మకైతే తుమ్ము కూడా వచ్చేది కాదు. పొద్దస్తమానం కాయల మధ్య గొంతుకూర్చుని రంగు పోయిన తాలు కాయలు ఏరే ఆ మనిషి, సాయంత్రం ఇంటికొచ్చి, మజ్జిగతో చేతులు కడుక్కుని, రొంటిన దోపుకున్న డబ్బీ తీసి ఒక్క చిటికెడు ముక్కుపొడి పీల్చి మాత్రం ఇల్లదిరేలా తుమ్మేది. ఆ తుమ్ము వినపడితే ఆ రోజుకు పని ముగిసినట్టు. కూలీలు కూడా దాన్నిబట్టే చేటలు దులుపుకుని లేచేవాళ్లు.

వంట మా అమ్మది, వడ్డన నాయనమ్మది. ఆవిడ దగ్గర ఒక ఇత్తడి సోల ఉండేది. గింజలు కొలిచే సోలే, కానీ మా ఇంట్లో అన్నం కొలిచేది. వేడి అన్నాన్ని అందులోకి కూరి కంచంలో బోర్లిస్తే చిన్న గోపురంలా నిలబడేది. నాన్నకింత, అమ్మకింత, నాకింత అని ఎవరి కొలత వాళ్లకుండేది. ఇంకొంచెం అంటే పెట్టదు, వద్దంటే తగ్గించదు. పొద్దున పెరుగు కలిపిన చద్దన్నంలో ఉల్లిపాయ. మధ్యాహ్నం కందిపప్పు, గోంగూర, పండుమిరప పచ్చడి మీద కరిగిన నెయ్యి. రాత్రి మళ్లీ సోలెడు అన్నం, చారు, చివర్న గడ్డపెరుగు. ఆ తిండి తిని నేను ఎదిగాను, నిలువునా అడ్డంగా రెండు వైపులా. ఎనిమిదో తరగతికి వచ్చేసరికి నా మణికట్టు మా నాన్న మణికట్టంత అయింది. నాయనమ్మ గాజులు నాకు పట్టేవి కావు. ఇంట్లో దాన్నెవరూ వింతగా చూడలేదు. మా నాన్న వైపు ఆడవాళ్లంతా పెద్ద ఎముకల మనుషులే. "మన ఇంట్లో గాలికి కదిలేది దీపం ఒక్కటే" అనేది నాయనమ్మ. అన్ని ఇళ్లలోనూ ఇంత తిండి లేదు. మా చేలో కాయలు కోసే కూలీల పిల్లలు నా ఈడువాళ్లే, నా నడుముకి ఇద్దరు సరిపోయేవాళ్లు. నా లావు వెనక మా నాన్న ఎకరాలున్నాయని అప్పుడు తెలియదు. ఇప్పుడు లెక్క వేసుకుంటే తెలుస్తోంది.

ఇక కాటా సంగతి. అప్పట్లో కాయలు కొనే షావుకారు తన కాటా తనే తెచ్చుకునేవాడు. మూడు బొంగులు గూడుగా కట్టి, మధ్యలో గడియారంలాంటి గుండ్రటి ముఖమున్న స్ప్రింగు కాటా వేలాడదీసేవాడు. కింద కొక్కెం. బస్తా తగిలిస్తే ముల్లు గిర్రున తిరిగి ఒక అంకె మీద ఆగుతుంది. ఆ అంకె నిజమని ఎలా నమ్మడం? తూకపు రాళ్లు వేసి చూద్దామంటే ఆ రాళ్లూ షావుకారువే. మన బియ్యం బస్తా కడదామంటే తేమ పీల్చి పెరుగుతుంది, ఎలుక కొడితే తగ్గుతుంది. అందుకని మా ఊళ్లో ఒక పద్ధతి ఉండేది. కోతలు ముగియగానే అందరికీ నమ్మకమైన ఒక మనిషిని గురజాల రైసుమిల్లు కాటా మీద తూచుకొచ్చేవాళ్లు. షావుకారు వచ్చిన రోజున, మొదటి బస్తాకంటే ముందు ఆ మనిషిని గోనెపట్టాలో కూర్చోబెట్టి కొక్కేనికి తగిలించేవాళ్లు. మిల్లు అంకె, కళ్లం అంకె కలిస్తేనే కాయలు కాటాకెక్కేవి. అరకిలో అటూ ఇటూ అయితే ఎవరూ పట్టించుకోరు. ఆ పైన తేడా వస్తే కాటా గూడు విప్పాల్సిందే. ఆ కూర్చునే మనిషిని తూకం మనిషి అనేవాళ్లు. "రాయికి నోరుండదు. మనిషైతే తన బరువు తను చెప్పుకుంటాడు" అనేది నాయనమ్మ.

నాకు ముందు మా తాత తూకం మనిషి. ఆయన పోయాక ఊరివాళ్లు ఇద్దరు ముగ్గుర్ని ప్రయత్నించారు. మగవాళ్లు కోతల్లో చిక్కిపోయి, కాటా నాటికి తాగి ఉబ్బేవాళ్లు. ఆడవాళ్లు సోమవారాలనీ శనివారాలనీ పస్తులుండేవాళ్లు. నిలకడగా తినే మనిషి కావాలి. బరువైన మనిషైతే మరీ మంచిది, కాటాలో ఉన్న తేడా అంత పెద్దదిగా కనపడుతుంది. మా అరుగు మీద కూర్చుని పెద్దవాళ్లు ఇదంతా మాట్లాడుకుంటుంటే, వాళ్లకు మంచినీళ్లు తెచ్చిన నన్ను చూసి నాయనమ్మ, "మా సరోజ ఉందిగా" అంది, ఇంట్లో కొత్త బిందె ఉంది తీసుకుపొండి అన్నంత తేలిగ్గా. అందరూ నన్ను తేరిపార చూశారు. ఒప్పుకున్నారు. మొదటి రెండేళ్లు నాకది ఉయ్యాల ఊగినట్టే ఉండేది. గోనెపట్టాలో కూర్చుని కాళ్లాడిస్తుంటే, "కదలమాకమ్మా, ముల్లు ఊగుద్ది" అని పెద్దవాళ్లు బతిమాలేవాళ్లు. ఊళ్లో నేను కదిలితే కసిరేవాళ్లే గాని, కదలొద్దని బతిమాలేవాళ్లు ఇంకెక్కడున్నారు?

మూడో ఏటికి అది ఉయ్యాల కాకుండా పోయింది. అప్పటికి గురజాల హైస్కూలుకు పోతున్నాను. వోణీలు వేయించారు. టైలరు నా చుట్టూ టేపు తిప్పి, "జాకెట్టుకు మీటరు చాలదు, ఇంకో ముక్క పడుద్ది" అని అందరి ముందూ అన్నాడు. మా మేనత్త కొడుకు శీను బావ నాకో పేరు పెట్టాడు, టిక్కి అని. మిరపకాయలు కూరి, మూతి కుట్టిన బస్తాను మా వైపు టిక్కి అంటారు. నేను బస్సెక్కగానే వెనక సీటులోంచి, "కండక్టరుగారోయ్! టిక్కి ఎక్కింది, లగేజీ టిక్కెట్టు కొట్టండి!" అని అరిచేవాడు. బస్సంతా నవ్వేది. నేనూ నవ్వేదాన్ని, నవ్వకపోతే ఇంకా ఎక్కువ నవ్వుతారని. ఆ ఏడు మిల్లులో కాటాకెక్కితే గుమాస్తా "అరవై రెండు!" అని గట్టిగా చదివాడు. ధాన్యం మోస్తున్న హమాలీలు ఆగి వెనక్కి తిరిగి చూశారు. బరువులు చదివేటప్పుడు అట్లా అరవడం ఆయన అలవాటు. నాకు మాత్రం నేలలోకి దిగబడిపోతే బాగుండుననిపించింది.

క్లాసులో ఒక అమ్మాయి ఉపాయం చెప్పింది. పరగడుపున వేడినీళ్లలో నిమ్మకాయ పిండుకుని తాగి, రాత్రి అన్నం మానేస్తే నెల తిరిగేసరికి జాకెట్టు వదులవుతుందట. ఆ సాయంత్రమే నాయనమ్మ సోల బోర్లించబోతుంటే కంచం వెనక్కి లాక్కున్నాను.

"ఏందే, జొరమా?"

"కాదు. రాత్రిపూట తినను ఇంక. సన్నబడతా."

నాయనమ్మ సోల కింద పెట్టింది. "శీనుగాడు ఏమన్నా కూశాడా?"

"బస్సులో అందరూ నవ్వుతున్నారు. నన్ను టిక్కి అంటన్నాడు."

"వాడు నవ్వాడని ఇయ్యాల అన్నం మానేస్తే, రేపు ఇంకోడు నవ్వాడని నీళ్లు మానేస్తావా?"

"నీకేం, నిన్నెవరూ అట్టా అనరు."

"అనకేం. మీ తాత అనలా? కొత్తగా కాపరానికొచ్చినప్పుడు నన్ను గాదె అనేవోడు."

"నువ్వేమన్నావు మరి?"

"గాదె ఉన్న ఇంట్లోనే గదయ్యా గింజలుండేది, అన్నా. మళ్లా అన్లా." నాయనమ్మ కాసేపు నా మొహంలోకి చూసింది. నవ్వించాలని చూసిందిగాని నాకు నవ్వు రాలేదని ఆవిడకు అర్థమైంది. గొంతు తగ్గించింది. "చూడు సరోజా. నీ ఒళ్లు నీది. తగ్గించుకుంటావో పెంచుకుంటావో నీ ఇష్టం, నేను కాదన్ను. కాకపోతే మొన్ననే తూపిచ్చుకొచ్చాం. ఆ అరవై రెండుని ఊరంతా నమ్ముకునుంది. కాయలు కాటా అయిందాకా తిను. అయిన్నాడు నిమ్మకాయలు నేనే తెచ్చిస్తా."

ఒప్పుకున్నాను. మాట ఇచ్చాక తినడం అంత బరువైన పని అవుతుందని అనుకోలేదు. అంతకుముందు ఆకలేసి తినేదాన్ని, ఇప్పుడు ఊరికోసం తింటున్నాను. ప్రతి రాత్రీ కంచంలో ఆ గోపురం నిలబడగానే బస్సులో నవ్వులు వినపడేవి. అయినా చివరి మెతుకు దాకా తినేదాన్ని. కాయలు ఎండుతున్నంతకాలం నాయనమ్మ నాకు ఒక్క మెతుకు ఎక్కువ పెట్టలేదు, తక్కువ పెట్టలేదు. పండగ బూరెలు కూడా నాకు లేవు. "కాటా అయినాక తిందువు" అని దాచింది. నేను ఆ రోజులు లెక్కపెట్టుకున్నది బూరెల కోసం కాదు, నిమ్మకాయల కోసం.

షావుకారు వచ్చిన రోజు ఊళ్లో సగంమంది మా కళ్లంలోనే ఉన్నారు. మాది మొదటి కాటా. మాది తెమిలితే మిగతా కళ్లాలకు పోతాడు. కాయల గుట్టలు ఎండలో ఎర్రగా నిప్పు రాజేసినట్టున్నాయి. తలా ఒక తుండు మూతికి కట్టుకుని నిలబడ్డారు. గూడు కట్టారు, ముల్లు సున్నా మీద ఉందని అందరికీ చూపించారు. నాన్న నాకు గోనెపట్టా పరిచాడు. కూర్చున్నాను. నలుగురు పట్టుకుని ఎత్తి తాళ్లు కొక్కేనికి తగిలించారు. నా కాళ్లు నేల వదిలాయి. కదలకుండా కూర్చున్నాను. ముల్లు ఊగి ఊగి ఆగింది.

"యాభై ఎనిమిది," అన్నాడు షావుకారు మనిషి.

 నాన్న దగ్గరకొచ్చి ముఖం ఎత్తి తనే చూసుకున్నాడు. "ఇంకోతూరి తగిలించండయ్యా," అన్నాడు. దించి, మళ్లీ తగిలించారు. యాభై ఎనిమిదే.

షావుకారు నవ్వాడు. మంచి నవ్వు, పెద్దమనిషి నవ్వు. "దీనికంత ఆలోచనెందుకండీ? అమ్మాయి సన్నబడింది. ఎదిగే పిల్ల, ఎండలు, చదువు. చూడండి, బుగ్గలు తగ్గాయి, మెడ తేలింది. పోయినేడుకీ ఇప్పటికీ ఎంత చక్కగా అయిందో!" నా వైపు తిరిగి, "ఏమ్మా, సన్నబడ్డావు కదూ?" అన్నాడు.

ఊరంతా నా వైపు చూసింది. గాల్లో వేలాడుతూ ఉన్నాను, తల దించుకున్నా మొహం దాచుకునే వీలులేదు. "అవునవును, కొద్దిగా తగ్గినట్టే ఉందే," అంది ఎవరో పిన్ని. "మొహం సన్నమైంది," అన్నాడు ఒక బాబాయి. ఇంకెవరో కాదు, శీను బావ కూడా బొంగుకు ఆనుకుని, "నిజమేరా, నాజూగ్గా అయింది," అన్నాడు. ఏడాదిగా ఆ ఒక్క మాట కోసం నేను ఏమైనా ఇచ్చేదాన్ని. అది ఇప్పుడు షావుకారు నోట, ఊరి నోట, బావ నోట, అడక్కుండానే వచ్చింది. నేను ఊ అంటే చాలు. ఇకనుంచి నేను నాజూకు పిల్లని. ఎండ మాడ్చేస్తోంది, అందరికీ కాయలు అమ్ముకోవాలన్న తొందర ఉంది, ఇంకో షావుకారు ఎప్పుడొస్తాడో తెలియదు. ఊ అంటే అందరికీ సుఖమే.

నాయనమ్మ కాయల గుట్ట పక్కన నిలబడి ఉంది. నన్ను ఒక్క మాట అనలేదు, కళ్లతో కూడా ఏమీ చెప్పలేదు. నా ఒళ్లు నాదని ఆవిడ అన్న మాట మీదే నిలబడింది. నాకు నా ఒళ్లు తెలుసు. లంగా బొందు ముడి మిల్లుకు పోయిన నాడు ఎక్కడ పడిందో ఇవ్వాళా అక్కడే పడింది. సోల మారలేదు, నేను వదిలిన మెతుకు లేదు.

"లేదు," అన్నాను.

"ఏందమ్మా?"

"సన్నబడలేదండీ. నేను అరవై రెండు కిలోలు."

హైస్కూల్లో నా పక్కన కూర్చునే పిల్లకు కూడా చెప్పని అంకె అది. చెప్పేశాక తేలికగా అనిపించింది. షావుకారు ఇంకా నవ్వుతూనే, "పిల్లలకేం తెలుస్తుందండీ," అని నాన్న వైపు తిరిగాడు. నాకు కోపం వచ్చింది. అప్పటిదాకా సిగ్గు ఉన్న చోటంతా కోపం నిండింది. "నా మీద నాలుగు కిలోలు తగ్గించి చెబుతుంటే, నలభై కిలోల బస్తా మీద రెండున్నర పైనే పోద్ది," అన్నాను. "మిల్లుకు పోదాం పదండి. ట్రాక్టరు ఉందిగా. అక్కడ యాభై ఎనిమిది వస్తే మా కాయలన్నీ ఈ కాటాకే వేస్తాం."

 ఎవరికి వాళ్లు తమ బస్తాలు మనసులో లెక్క వేసుకుంటున్నారని మొహాలు చూస్తే తెలిసింది. అప్పుడు నాయనమ్మ కదిలింది. రొంటిన ఉన్న డబ్బీ తీసి, మూత తట్టి, మిట్టమధ్యాహ్నం, అందరూ చూస్తుండగా, చిటికెడు ముక్కుపొడి పీల్చింది. కళ్లం అదిరేలా తుమ్మింది.

కూలీలు చేటలు దులుపుకుని లేచారు. పని ముగిసింది. మా నాన్న కాయల మీద పట్టాలు కప్పడం మొదలుపెట్టాడు. పక్క కళ్లంవాళ్లు కూడా ఒక మాటైనా అనుకోకుండా తమ పట్టాలు లాక్కున్నారు. ఎర్రటి గుట్టలు ఒకటొకటిగా మూతపడిపోతుంటే షావుకారు నవ్వు కూడా ఆగింది. "ఏందండీ పెద్దమ్మగారూ, పిల్ల మాటకే ఇంత చేస్తారా?" అన్నాడు.

"పిల్ల మాట కాదు షావుకారూ, తూకం మనిషి మాట," అంది నాయనమ్మ. "ముందు దాన్ని దించండి, తొడలు ఒరుసుకుపోతయ్."

స్ప్రింగుకి వాన తడి తగిలి తుప్పు పట్టిందేమో, తనకూ తెలియదన్నాడు షావుకారు. నిజమో అబద్ధమో దేవుడికి తెలియాలి. గురజాల నుంచి వేరే కాటా తెప్పిస్తానన్నాడు, తెప్పించాడు. ఎండ వాలేవేళకు మళ్లీ గూడు కట్టారు, మళ్లీ గోనెపట్టా, మళ్లీ నా కాళ్లు నేల వదిలాయి. ముల్లు అరవై దాటింది, అరవై రెండు మీద ఒక్క వణుకు వణికి ఆగింది. అందరికంటే ముందు అరిచింది శీను బావే. "టిక్కి తగ్గలేదురోయ్!" అని తుండు గాల్లోకి విసిరాడు. కళ్లమంతా ఈలలు. బస్సులో వినపడ్డ పేరే, అదే గొంతు. ఆ రోజు మాత్రం నా వీపు దానంతటదే నిటారుగా నిలబడింది.

ఆ రాత్రి వడ్డించేముందు నాయనమ్మ కొంగులోంచి నాలుగు నిమ్మకాయలు తీసి నా కంచం పక్కన వరసగా పెట్టింది. మాటంటే మాటే ఆవిడకు. "కాటా అయిపోయిందే. నిమ్మకాయలు తెచ్చా. ఏం చెయ్యమంటావు?"

నేను ఆ కాయల్ని చూశాను, సోల వైపు చూశాను. "పచ్చడి పెట్టు," అన్నాను.

ఆ తర్వాత చుట్టుపక్కల ఊళ్ల కళ్లాలకు కూడా నన్ను బండి కట్టి తీసుకెళ్లారు. పెళ్లయ్యేదాకా నేనే తూకం మనిషిని. పదో తరగతితో చదువు ఆగిపోయినా, ఆ కాటాల పక్కన నిలబడి నేర్చుకున్న లెక్క ఇవ్వాళ్టికీ నాకు తిండి పెడుతోంది. మిరపకాయల కోల్డు స్టోరేజీలో లెక్కలు రాస్తున్నాను. ఇప్పుడు అన్నీ ఎలక్ట్రానిక్ కాటాలు. మనుషుల్ని వేలాడదీయాల్సిన అవసరం ఎవరికీ లేదు, లేకపోవడమే మంచిది. నా ఒళ్లూ అప్పటిలా లేదు. పిల్లలు పుట్టారు, షుగరు వచ్చింది, డాక్టరమ్మ తగ్గాలంది. తగ్గాను. డెబ్బై ఎనిమిది నుంచి డెబ్బై ఒకటికి. అదే ఇత్తడి సోల, నాయనమ్మ పోయాక నేను అడిగి తెచ్చుకున్నది ఆ ఒక్కటే, దాన్ని సగానికే నింపుకుంటూ, పొద్దున్నే స్టేడియంలో నడుస్తూ తగ్గించుకున్నాను. ఆ ఏడు కిలోలంటే నాకు గర్వమే, ఆ రోజు అరవై రెండంటే ఎంత గర్వమో అంత. అందుకే తగ్గాలనుకోవడం తప్పని హారికకు నేను చెప్పలేదు. అప్పట్లో నా అంకె ఊరందరికీ తెలుసు, నవ్వినా నమ్మినా అందరూ కలిసే. ఈ పిల్ల అంకె ఈ పిల్లకూ ఆ పలకకూ మధ్యే ఉండిపోతోంది. తలుపు వేసుకుని ఒంటరిగా చూసుకుంటుంది, ఒంటరిగా శిక్ష వేసుకుంటుంది. నాకు భయం వేసేది అక్కడే.

మజ్జిగ గ్లాసు పట్టుకుని కూర్చున్న ఆ సాయంత్రం దానికి ఈ కథంతా చెప్పాను. టిక్కి అన్నచోట నవ్వింది. నాజూగ్గా అయింది అన్నచోట నవ్వలేదు. మజ్జిగ తాగింది. తర్వాత కూడా పలక ఎక్కడం మానలేదు, ఇడ్లీలు మిగలడమూ మానలేదు. నేనూ రెండోసారి ఆ మాట ఎత్తలేదు.

నిన్న పొద్దున ఇడ్లీ పాత్ర పొయ్యి మీద పెడుతుంటే బాత్రూం గుమ్మం దగ్గర్నించి పిలిచింది. "పెద్దమ్మా, ఇట్రా. ముందు నువ్వెక్కు."

"నేనెందుకే?"

"తూకం మనిషివి గదా. ఇది కరెక్టో కాదో చూడాలి."

చేతులు తుడుచుకుని ఎక్కాను. పలక చల్లగా ఉంది. కదలకుండా నిలబడ్డాను, పాత అలవాటు. అంకెలు తిరిగి ఆగాయి. హారిక వంగి చూసి, "అరవై ఎనిమిదిన్నర! అబ్బ, తగ్గిపోయావు పెద్దమ్మా!" అంది.

"తగ్గలేదే. మొన్ననే డాక్టరమ్మ దగ్గర చూసుకున్నా. డెబ్బై ఒకటి." పక్కింటి వరండాలో బట్టలారేస్తున్నావిడకు కూడా వినపడేలాగే చెప్పాను.

"అయితే ఇది తక్కువ చూపిస్తోందా?"

"చూపిస్తోంది."

దాని పెదాలు కదిలాయి. లెక్క వేసుకుంటోంది. పలక తక్కువ చెబుతోందంటే తన అసలు బరువు ఇన్నాళ్లూ చూసి ఏడ్చిన అంకె కంటే ఎక్కువ. మొహం ఎటు తిరుగుతుందో నాకు తెలియలేదు. ఏదో ఒకటి చెప్పి ఓదార్చాలనిపించింది. నాయనమ్మ ఆ రోజు గుట్ట పక్కన ఎలా నిలబడిందో గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

"అరవై ఆరున్నర అన్నమాట నేను," అంది హారిక చివరికి, పైకే. ఇన్ని నెలల్లో ఆ పిల్ల నోట తన అంకె వినడం అదే మొదలు. పలకను కాలితో గోడ వైపు నెట్టి, నా వెనకే వంటింట్లోకి వచ్చింది.

"ఎన్ని పెట్టమంటావే?" అన్నాను.

"మూడు. కారప్పొడిలో నెయ్యి వెయ్యి."